ఎంసీ అని రాయాలా, యాంకర్ అని రాయాలా?

తమ్ముడూ, నీ ప్రశ్న చదివాను. మూడేళ్లు కాలేజీ ఫంక్షన్లలో యాంకరింగ్ చేశావు, ఇప్పుడు హైదరాబాద్‌లో ఈవెంట్ కంపెనీలకు రెజ్యూమె పంపుతున్నావు, వాళ్ల ప్రకటనలోనేమో 'ఎంసీ కావలెను' అని ఉంది. ఎంసీ అంటే యాంకరేనా, ఇంకేదైనా పనా అని అడిగావు. హన్మకొండలో పదహారేళ్లుగా మైకు పట్టుకుంటున్నాను. నాకు తెలిసింది చెప్తాను.

నువ్వు చేసిన పనికి ఇంగ్లిష్‌లో అసలు పేరు ఎంసీనే. 'మాస్టర్ ఆఫ్ సెరమనీస్' అనే మాటలో మొదటి అక్షరాలు ఎం, సీ. వాటిని నోటితో పలికినట్టే అక్షరాల్లో పెడితే ఇ-ఎం-సి-ఇ-ఇ అనే ఐదక్షరాల మాట తయారైంది. 1930ల నాటికే అమెరికాలో వాడుకలో ఉంది. ఉత్త ఎం, సీ అని రాసినా తప్పు కాదు. ఆడవాళ్లకైనా మగవాళ్లకైనా ఒకటే మాట. పలికేటప్పుడు 'సీ' మీద ఒత్తు పడుతుంది. క్రియగానూ వాడతారు: 'ఐ ఎంసీడ్ ద యాన్యువల్ డే' అంటే వార్షికోత్సవాన్ని నేనే నడిపించాను అని.

ఇక్కడ 'మాస్టర్' అంటే పంతులు కాదు, కార్యక్రమం పగ్గాలు చేతిలో ఉన్న మనిషి. ఇంగ్లండ్‌లో మొదటి జేమ్స్ రాజు 1603లో ఈ పేరుతో ఒక కొలువే పెట్టాడు. వేరే దేశాల రాయబారులు వస్తే ఎవరిని ముందు పిలవాలి, ఎవరు ఎక్కడ నిలబడాలి, ఏ మర్యాద ఎవరికి అన్నది చూసుకోవడమే ఆ అధికారి పని. మన పని ఇప్పటికీ అదే. జ్యోతి ప్రజ్వలనకు ఎవరెవరిని పిలవాలి, ఎమ్మెల్యే గారి పేరు ముందా, ప్రిన్సిపాల్ గారి పేరు ముందా, శాలువా ఎవరి చేత కప్పించాలి, వందన సమర్పణకు ముందే జనం లేచిపోతుంటే ఏం చేయాలి? వినడానికి చిన్న సంగతులే గానీ, ఒక్క పేరు వెనకా ముందూ అయితే ఆ పెద్దమనిషి ముఖం మాడిపోతుంది, ఆ తర్వాత సభ అంతా బరువుగానే నడుస్తుంది. గొంతు బాగుంటే చాలు యాంకర్ అయిపోవచ్చు అనుకునే పిల్లలకు నేను ముందు చెప్పేది ఇదే.

ఈ మాట తెలియకపోతే ఏమవుతుందో కళ్లారా చూశాను. ఐదారేళ్ల కింద ఇక్కడే ఒక కార్యక్రమం. నిర్వాహకులు బయటి ఊరి వాళ్లు. హాలుకు పంపిన కాగితంలో '6:30, ఎం.సి. ఆన్ స్టేజ్' అని ఇంగ్లిష్‌లో కొట్టి పంపారు. మన దగ్గర ఎం.సి. అనగానే ఎవరికైనా మున్సిపల్ కమిషనర్ గుర్తుకొస్తారు కదా. వాలంటీర్లు వేదిక మీద ఒక కుర్చీ ఎక్కువ వేశారు, దాని మీద తెల్లటి టర్కీ టవల్ పరిచారు, ముందు వాటర్ బాటిల్ పెట్టారు. నేను మెట్ల పక్కన కార్డులు సర్దుకుంటూ ఉంటే ఒక పిల్లగాడు బొకే పట్టుకొని వచ్చి, "మేడం, కమిషనర్ సార్ ఇంకా రాలే, ఈ బొకే ఎవరికియ్యాలె?" అని అడిగాడు. పాపం, అరగంట నుంచి గేటు దగ్గరే నిలబడ్డాడట. విషయం అర్థమై కుర్చీ తీయించేసరికి పది నిమిషాలు పోయాయి, ముందు వరసలో వాళ్లు గడియారాలు చూసుకుంటున్నారు. ఆ రోజు నుంచి స్థానిక వాలంటీర్లకు వెళ్లే కాగితంలో 'యాంకర్' అనే రాయిస్తాను. ఇంగ్లిష్‌లో బయటివాళ్లకు వెళ్లేదైతే ఐదక్షరాల మాటే.

ఇక యాంకర్. అంటే లంగరు. ఓడను కదలకుండా పట్టి ఉంచేది. అమెరికాలో టీవీ వార్తలను ముందుండి నడిపే మనిషికి ఆ పేరు స్థిరపడింది. అక్కడివాళ్లకు యాంకర్ అంటే ఇప్పటికీ న్యూస్ చదివేవాళ్లే. మన దగ్గర మాత్రం టీవీ షో, ఆడియో ఫంక్షన్, పెళ్లి సంగీత్ అన్నింటికీ యాంకరే. తెలుగులో అది మన మాట అయిపోయింది, అనడంలో తప్పేమీ లేదు. రెజ్యూమె చదివేది బయటి దేశపు క్లయింట్ అయితే మాత్రం నువ్వు వార్తలు చదివావని అనుకుంటాడు.

మా కాలంలో ఇదే పనికి ఇంకో మాట ఉండేది, కంపేరింగ్. నాకు వచ్చిన మొదటి సర్టిఫికెట్ ఇప్పటికీ ఫైల్లో ఉంది. అందంగా చేతిరాతతో 'ఫస్ట్ ప్రైజ్ ఇన్ కంపేరింగ్' అని రాసిచ్చారు. కానీ పి తర్వాత ఇ బదులు ఎ పడింది. అంటే 'పోల్చడంలో ప్రథమ బహుమతి' అయింది! ఇచ్చిన వాళ్లకూ తెలియదు, అప్పుడు నాకూ తెలియదు. ఇ తో రాసే ఈ కంపేర్ అనేది ఫ్రెంచి నుంచి వచ్చి బ్రిటిష్ ఇంగ్లిష్‌లో స్థిరపడిన మాట. అమెరికాలో పెద్దగా వినిపించదు. నీ సర్టిఫికెట్లలో ఆ మాట ఉంటే స్పెల్లింగ్ ఒకసారి చూసుకో. ఈ పొరపాటు ఇప్పటికీ ఏటా కనిపిస్తూనే ఉంది.

హోస్ట్ కూడా అంటారు గానీ, పెళ్లిలో హోస్ట్ అంటే పిల్ల తండ్రి. అక్కడ ఆ మాట వద్దు. ర్యాప్ పాడేవాళ్లనూ ఎంసీ అనే అంటారు. 1970లలో న్యూయార్క్ బ్రాంక్స్ పార్టీల్లో డీజే పక్కన మైకు పట్టుకొని జనాన్ని ఉత్సాహపరిచిన వాళ్ల నుంచి వచ్చిన వాడుక అది. స్ప్రింగ్‌స్ప్రీ లాంటి కాలేజీ ఫెస్టు పోస్టర్ మీద ఎవరి పేరు ముందైనా ఎంసీ అని ఉంటే, ఆ మనిషి పాడేవాడా, నడిపేవాడా అని చూసుకోవాలి.

తెలుగులో ఏమనాలని కూడా అడిగావు. ఆహ్వాన పత్రికలో వ్యాఖ్యాత అని వేస్తారు, బాగానే ఉంటుంది. నాకైతే అవధానాల్లో వాడే 'సంచాలకులు' అనే మాట మీద ప్రేమ. ప్రశ్నలు వేసే పృచ్ఛకులను పరిచయం చేసి, ఎవరి వంతు ఎప్పుడో చూసి, సభను పట్టాల మీద నడిపేది ఆయనే. ఎంసీ అనే మాటకు ఇంత దగ్గరగా వచ్చే తెలుగు మాట నాకు ఇంకోటి కనిపించలేదు. హన్మకొండ పబ్లిక్ గార్డెన్‌లో నేరెళ్ల వేణుమాధవ్ గారి పేరున్న కళాప్రాంగణం చూశావు కదా. ఆయన ఒక్క గొంతులో ఎందరి గొంతులో పలికించిన మిమిక్రీ కళాకారుడు, జనం ఆయన కోసమే వచ్చేవాళ్లు. సంచాలకుడి కోసం జనం రారు. తర్వాత వచ్చే మనిషి కోసం వాళ్లను సిద్ధం చేయడమే మన పని.

రెజ్యూమెలో పైన ఇంగ్లిష్‌లో 'ఎంసీ' అని ఐదక్షరాల మాట పెట్టు, పక్కన గీత గీసి 'స్టేజ్ యాంకర్, తెలుగు, ఇంగ్లిష్' అని రాయి. హిందీ, ఉర్దూ మాట్లాడగలిగితే అవీ చేర్చు, వరంగల్ పిల్లలకు అది పెద్ద బలం. కింద ఏ సభ, ఎంతమంది జనం, ఎన్ని గంటలు నడిపించావు అన్నది రాయి. రెండు నిమిషాల వీడియో ఒకటి జత చెయ్యి. అందులో నువ్వు జోకులు చెప్పేది కాకుండా, కరెంటు పోయినప్పుడో ముఖ్య అతిథి ఆలస్యమైనప్పుడో సభను నిలబెట్టిన ముక్క ఉంటే అదే పంపు.