గడ్డం మీద లేజర్: జౌల్స్ అంకె ఒక్కటే చూసి పోల్చకండి

గడ్డం మీద వెంట్రుకలు తీయడానికి కావలిలో 18 జౌల్స్ (ఒక్కో షాట్‌లో చదరపు సెంటీమీటరుకు పడే కాంతి శక్తి) పెట్టారు, నెల్లూరులో 32 పెడతామంటున్నారు, ఎక్కువ పెడితే వెంట్రుకలు త్వరగా పోతాయా, చర్మం కాలుతుందా అని మీరు అడిగారు. ముందు అవి ఏ మెషిన్లో కనుక్కోండి. ఒకటి డయోడ్, రెండోది ఎన్‌డీ యాగ్ (రెండూ లేజర్ రకాలే) అయితే ఆ రెండు అంకెలకూ పోలికే లేదు. డయోడ్ కాంతి తరంగదైర్ఘ్యం సుమారు 810 నానోమీటర్లు, యాగ్‌ది 1064. వెంట్రుకకు నలుపునిచ్చే మెలనిన్ 1064ను తక్కువగా పీల్చుకుంటుంది, అందుకే దానికి జౌల్స్ ఎక్కువ కావాలి. మన చామనఛాయ చర్మంలోనూ ఉండేది ఆ మెలనినే కదా, అందుకే పైచర్మం కాలే భయం యాగ్‌తో తక్కువ.

మాది ఒంగోలు. పీసీఓడీ (అండాశయాల హార్మోన్ల సమస్య) వల్ల నాకు గడ్డం కింద ముదురు వెంట్రుకలు వచ్చేవి. డయోడ్‌తో మూడు సిట్టింగులు బాగానే జరిగాయి. నాలుగోది మే నెలలో. అంతకు ముందు వారమే కొత్తపట్నం బీచ్‌లో పొద్దంతా ఎండలో ఉన్నాను. నేను చెప్పలేదు, వాళ్లు అడగలేదు. పైగా జౌల్స్ పెంచి, పల్స్ (ఒక్కో షాట్ కాంతి పడే వ్యవధి) తగ్గించారు. రబ్బరు బ్యాండుతో కొట్టినట్టు ఉండటం మామూలే, ఆ రోజు మాత్రం దోసె పెనం అంచు తగిలినట్టయింది. ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే దవడ వెంబడి వరసగా చదరపు ఎర్ర మచ్చలు, అచ్చం చర్మానికి ఆనించే హ్యాండ్‌పీస్ ముద్రలే. అవి నల్లబడి, పూర్తిగా పోయేసరికి ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలలూ చున్నీ గడ్డం దాకా లాక్కునే తిరిగాను.

తర్వాత నెల్లూరులో ఒక స్కిన్ డాక్టరమ్మ చెవి కింద నాలుగు షాట్లు టెస్ట్ ప్యాచ్ వేసి, వారం ఆగి రమ్మన్నారు. నాకు కుదిరింది యాగ్, 10 మిల్లీమీటర్ల స్పాట్ (కాంతి పడే చోటు వెడల్పు), 30 జౌల్స్, 30 మిల్లీసెకన్ల పల్స్. మీకూ ఇదే పెట్టించుకోమని కాదు. పల్స్ సంగతి మాత్రం తప్పకుండా అడగండి. పల్స్ ఎక్కువసేపు ఉండి అదే వేడి నెమ్మదిగా దిగితే పైచర్మం చల్లారడానికి వ్యవధి దొరుకుతుంది, మందపాటి వెంట్రుక మాత్రం వేడిని పట్టుకునే ఉంటుంది. షాట్ వేసిన కాసేపటికి వెంట్రుక మొదట్లో గుండుసూది తలంత ఉబ్బు కనిపిస్తే సెట్టింగ్ సరిపోయినట్టని ఆవిడ నాకు అద్దంలో చూపించారు. చర్మం బూడిదరంగుకు తిరిగినా, పొక్కినా వెంటనే ఆపమనండి.

మధ్యలో థ్రెడింగ్ చేయించుకోకండి. కుదురుతో సహా లాగేస్తే లేజర్ పట్టుకోవడానికి ఏమీ మిగలదు. రేజర్ వాడొచ్చు. హార్మోన్ల మందులు ఆపకండి, ఆపితే కొత్తవి వస్తూనే ఉంటాయి.

పెళ్లి ఫిబ్రవరిలో అన్నారు కదా. ముఖానికి నాలుగు నుంచి ఆరు వారాల గ్యాప్ కావాలి కాబట్టి ఈలోగా రెండు మూడు సిట్టింగులు పడతాయి. పెళ్లికి నెల ముందు నుంచి మాత్రం ఎవరేం చెప్పినా జౌల్స్ పెంచనివ్వకండి.