కుక్కపిల్ల ఇంటికి రాకముందే చదువు

చిన్నారీ,

నువ్వు కుక్కపిల్లని తెచ్చుకుంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. తల్లి తెల్ల పమేరియన్, తండ్రి వీధి కుక్క అట. ఒక ప్రాణి బాధ్యత తీసుకునేంత పెద్దదానివయ్యావని నాకు గర్వంగా ఉంది. మీ నాన్న మాత్రం ఒక్క మాట మాట్లాడకుండా లేచి బయటికి వెళ్ళిపోయాడని కూడా చెప్పింది. ఆ సంగతికి వస్తాను.

ముందు మామూలు విషయాలు. పాలు కాదు, కుక్కపిల్లల ఫుడ్ పెట్టు, నీళ్ళు ఎప్పుడూ అందుబాటులో ఉంచు. నట్టల మందు డాక్టర్ చెప్పిన తేదీకి వేయించు. మెడకు బెల్టు వద్దు, ఛాతీ చుట్టూ వేసే హార్నెస్ కొను. పమేరియన్ పోలిక ఉన్నవాటి గొంతు గొట్టం సున్నితం, లాగితే దగ్గు పట్టుకుంటుంది. వేసవి వచ్చిందని బొచ్చు గొరిగించకు. ఆ రెండు పొరల బొచ్చే దానికి ఎండ నుంచి కాపు, రోజూ దువ్వితే చాలు. దువ్వేటప్పుడు చెవుల వెనక, కాలివేళ్ళ మధ్య వేలు పెట్టి పిడుదులున్నాయేమో చూడు. ఉల్లిపాయ వేసిన కూర, చాక్లెట్, పాయసంలో కిస్‌మిస్ దాని నోటికి తగలనివ్వకు. వచ్చిన చుట్టాలందరికీ ముందే చెప్పి ఉంచు, మన ఇళ్ళల్లో ముద్దుకొద్దీ పెట్టేస్తారు.

ఇవి ఒక మనిషికి అతుక్కుపోయే రకం. కాలింగ్ బెల్ మోగితే అరుస్తాయి, నువ్వు గుమ్మం దాటితే ఏడుస్తాయి. మూడు రోజులు ఇంట్లోంచి పని, మిగతా రోజులు ఆఫీసు అన్నావు. ఆ మిగతా రోజులు ఎవరు చూస్తారు? ఇది ఆలోచించకుండానే సరే అనేశావా? పద్నాలుగు, పదిహేనేళ్ళు బతికే ప్రాణి తల్లీ. నీ పెళ్ళి, ఊరు మారడం, అన్నిట్లో అదీ ఉంటుంది. పగటి పూట చూసే మనిషిని కుదుర్చుకున్నాకే తెచ్చుకో. ఎవరూ దొరక్కపోతే మొదటి నెల నేనొచ్చి ఉంటాను, మొహమాటపడకు.

ఇప్పుడు మీ నాన్న సంగతి. డిగ్రీ చదివే రోజుల్లో అన్నయ్య ఇలాంటి క్రాస్ పిల్లనే తెచ్చాడు. జిమ్మీ అని పేరు పెట్టాడు. అప్పుడు అందరూ ఒకటే మాట: "నాటు రక్తం ఉంది, దానికేం కాదు." టీకా ఊసే ఎత్తలేదు. సైకిల్ బుట్టలో కూర్చోబెట్టుకుని ఊరంతా తిప్పాడు, గోదావరి గట్టున వదిలాడు, వీధి కుక్కలతో ఆడనిచ్చాడు. ఒకరోజు పొద్దున అది అన్నం ముట్టలేదు. మధ్యాహ్నానికి నురగ కక్కింది. రాత్రికి రక్తంతో విరేచనాలు. ఆ వాసన పెరడంతా పట్టేసింది. అన్నయ్య నూతి గట్టు దగ్గర కూర్చుని చెంచాతో గ్లూకోజ్ నీళ్ళు పోస్తూనే ఉన్నాడు, పోసినవి పోసినట్టే కక్కేసింది. మెడ మీద చర్మం పట్టి వదిలితే మళ్ళీ వెనక్కి పోలేదు, మడతగా అలాగే నిలబడింది. ఒంట్లో నీరు అంతగా ఇంకిపోయింది. డాక్టర్ సెలైన్ ఎక్కించేసరికే ఆలస్యమైంది.

కొన్ని నెలలకి తాతయ్య, వాడి దిగులు చూడలేక, ఇంకో పిల్లని తెచ్చారు. అదే పెరట్లో వదిలారు. అదీ అలాగే పోయింది. అప్పటినుంచి మీ నాన్నది ఒకటే మాట: "నా చేతికి కుక్క అచ్చిరాదు." చేతికి అచ్చిరాకపోవడం కాదమ్మా, అది పార్వో అనే కుక్కల అంటురోగం. ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాకా బతుకుతుంది. మామూలు ఫినాయిల్‌కి చావదు, బ్లీచింగ్ కావాలి. చెప్పులకి అంటుకుని ఇంట్లోకి వస్తుంది. దాన్ని చంపే మందు లేదు, సెలైన్ పెట్టి ప్రాణం నిలబెట్టుకోవాల్సిందే. క్రాస్ కుక్కలకి వంశపారంపర్యంగా వచ్చే రోగాలు కొన్ని తక్కువన్నది నిజమే. అంటురోగం మాత్రం జాతి చూసి రాదు.

అందుకే గట్టిగా చెబుతున్నాను. 8 వారాలు నిండేదాకా పిల్లని తల్లి దగ్గరే ఉండనీ. 6 నుంచి 8 వారాల మధ్య పార్వో టీకా మొదటి డోసు, తర్వాత మూడు నాలుగు వారాలకొకటి, 16 వారాలు దాటేదాకా ఒక్కటీ తప్పకూడదు. తల్లి పాలతో వచ్చిన రక్షణ ఒంట్లో ఉన్నన్నాళ్ళూ టీకాని పట్టనివ్వదు. అది ఎప్పుడు తగ్గుతుందో ఎవరూ చెప్పలేరు కాబట్టే అన్నిసార్లు వేస్తారు. "ఒక డోసు అయిపోయిందిగా" అని అపార్ట్‌మెంట్ కింద నేల మీద వదిలావో, నాతో మాట్లాడకు. అలాగని గదిలో బంధించకు. చేతుల్లో ఎత్తుకుని తిప్పు, హారన్లు విననీ, మనుషుల్ని చూడనీ. ఈ వయసులో చూడనివాటికి పెద్దయ్యాక బెదిరిపోతుంది. మూడు నెలలకి రేబీస్ టీకా, తర్వాత డాక్టర్ చెప్పినట్టు బూస్టర్లు. వీధి కుక్క దాన్ని కరిచినా, నిన్ను గీరినా, సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్ళు.

నాన్నతో నేను మాట్లాడతాను. పార్వో సంగతి వాడికి ఎవరూ విడమరిచి చెప్పినట్టు లేదు. రెండో డోసుకి వాణ్ణి కూడా తీసుకెళ్ళు, పిల్లని వాడి ఒళ్ళోనే పెట్టు. డోసు వేయగానే మందు సీసా మీది స్టిక్కర్ కార్డులో అంటించమని అడిగి, తేదీ కనబడేలా ఫోటో తీసి నాకు వాట్సాప్ చెయ్యి.

మీ అత్త