ఆటగాళ్ల కంచం: అన్నం మానేస్తే కూతలో కాలు లేస్తుందా?

(పాఠకుల ప్రశ్నలకు అమలాపురంలో ఉంటున్న విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయురాలు, పోషకాహార సలహాదారు జవాబులు)

టీచర్ గారికి నమస్కారం. నా వయసు 22, బరువు 68 కిలోలు. కబడ్డీలో రైడర్‌ని. తెల్లవారుజామున రొయ్యల చెరువు దగ్గర మేత వేసి, టీ తాగి సాధనకు వెళ్తాను. సాయంత్రం మళ్లీ రెండు గంటలు ఆడతాం. సంక్రాంతి పోటీలకు చురుగ్గా తయారవ్వాలని మా సీనియర్ ఒకరు చెబితే రాత్రి అన్నం పూర్తిగా మానేసి గుడ్ల తెల్లసొనలు మాత్రమే తింటున్నాను. బరువు తగ్గింది. కానీ రెండో సగంలో కాళ్లు లేవడం లేదు. కూత మధ్యలోనే దమ్ము అయిపోతోంది. ఇంకా ఏం మానేయాలి?
– రాజోలు నుంచి ఒక పాఠకుడు

బాబూ, ఇంకేమీ మానేయవద్దు. మానేసిన అన్నాన్ని ఈ రాత్రే మళ్లీ కంచంలో పెట్టించుకో.

ఒక్క కూతకు నీకున్నది 30 సెకన్లు. ఆ కాసేపట్లో నువ్వు మధ్య గీత దాటాలి, బోనస్ గీత మీద కాలు చాచాలి, చీలమండ పట్టుకోవడానికి వచ్చినవాణ్ణి విదిలించుకుని వెనక్కి దూకాలి. మొదటి కొద్ది సెకన్ల దూకుడుకు కండరంలో అప్పటికే సిద్ధంగా ఉండే క్రియాటిన్ ఫాస్ఫేట్ సరిపోతుంది. ఆ తర్వాత భారమంతా గ్లైకోజెన్ మీదే పడుతుంది. మనం తిన్న పిండిపదార్థాన్ని శరీరం దాచుకునే రూపం అది. ఒంట్లో కొవ్వు ఎంత ఉన్నా, అంత వేగంగా శక్తినివ్వడం దాని వల్ల కాదు. నెమ్మదిగా నడిచేటప్పుడు కొవ్వు బాగా పనికొస్తుంది గానీ కూతకు వెళ్లినప్పుడు కాదు.

ఈ నిల్వలకు ఒంట్లో రెండు గాదెలు ఉన్నాయనుకో. బాగా తినే ఆటగాడి కండరాల్లో 400 నుంచి 500 గ్రాములు, కాలేయంలో సుమారు 100 గ్రాములు ఉంటుంది. కండరం తన గాదెలోది తానే వాడుకుంటుంది, పక్క కండరానికి కూడా ఇవ్వదు. కాలేయం మాత్రం రక్తంలోకి వదులుతుంది, మెదడుకు అందేది అక్కడి నుంచే. రాత్రంతా నిద్రలో ఆ కాలేయం గాదె చాలావరకు ఖాళీ అవుతుంది. నువ్వు రాత్రి అన్నం తినకుండా పడుకుని, తెల్లారి చెరువు గట్టు మీద మేత బస్తాలు మోసి, టీ ఒక్కటే తాగి మైదానానికి వెళ్తున్నావు. అంటే రెండు గాదెలూ తరిగిపోయాక సాధన మొదలుపెడుతున్నావు.

బరువు తగ్గిందని సంతోషపడ్డావు. అందులో ఎంత కొవ్వు తగ్గిందో చూడాలి. ప్రతి గ్రాము గ్లైకోజెన్‌తోపాటు దాదాపు 3 గ్రాముల నీటిని శరీరం పట్టి ఉంచుతుంది. అన్నం మానేసిన మొదటి రోజుల్లో ముల్లు దిగేది ఎక్కువగా ఆ నీరు పోవడం వల్లే.

ఇది నా అభిప్రాయం మాత్రమే కాదు. 1966లో స్వీడన్‌కు చెందిన బెర్గ్‌స్ట్రోమ్, హల్ట్‌మన్ అనే ఇద్దరు వైద్యులు తమ మీదే ప్రయోగం చేసుకున్నారు. ఒకే సైకిలుకు చెరో పక్కన చేరి, ఒక్కొక్కరూ ఒక్క కాలితోనే అలసిపోయేదాకా తొక్కారు. రెండో కాలికి విశ్రాంతి. తర్వాత మూడు రోజులు పిండిపదార్థాలు బాగా ఉన్న భోజనం చేసి, సూదితో రెండు తొడల నుంచీ చిన్న కండర ముక్కలు తీసి చూశారు. కష్టపడ్డ కాలిలో గ్లైకోజెన్ రెండో కాలిలో ఉన్నదానికి దాదాపు రెట్టింపు చేరింది. మనిషి ఒకడే, తిన్న తిండీ ఒకటే. పనిచేసిన కండరమే ఎక్కువ దాచుకుంది. నువ్వు రోజంతా కష్టపడుతున్నావు, ఆ కష్టానికి నీ తొడలు అడుగుతున్నవి నువ్వు మానేసిన ఆ ముద్దలనే.

లెక్క చెబుతాను. నీలా రోజూ గట్టిగా సాధన చేసేవాడికి కిలో బరువుకు 5 నుంచి 7 గ్రాముల పిండిపదార్థం కావాలి. నీకు రోజుకు 340 గ్రాములకు తగ్గకూడదు. వండిన అన్నం 100 గ్రాములలో సుమారు 28 గ్రాములు ఉంటుంది. రాత్రి కంచంలో మామూలుగా వడ్డించే అన్నం తీసేస్తే దాదాపు 100 గ్రాముల పిండిపదార్థం పోతుంది. ఎన్ని తెల్లసొనలు తిన్నా ఆ లోటు తీరదు, వాటిలో పిండిపదార్థం దాదాపు లేదు.

పచ్చసొన పారేస్తున్నావని చదివి నాకు నిజంగా బాధ కలిగింది. గుడ్డులోని 6 గ్రాముల మాంసకృత్తుల్లో రెండున్నర గ్రాములకు పైగా పచ్చసొనలోనే ఉంటాయి. ఏ విటమిన్, డి విటమిన్ ఉండేవి కూడా అందులోనే. గుడ్డు గుడ్డుగానే తిను.

నీ ఆటకు కిలో బరువుకు 1.6 గ్రాముల మాంసకృత్తులు పెట్టుకుంటే రోజుకు 110 గ్రాముల దగ్గర వస్తుంది. మూడు గుడ్లకు 18, నూటయాభై గ్రాముల శీలావతి ముక్కలకు 30 దాకా, అర లీటరు పాలూ పెరుగుకు 16, గుప్పెడు కందిపప్పుతో చేసిన ముద్దపప్పుకు 13. ఇడ్లీ, అన్నం, వేరుశనగ పప్పులతో మిగిలింది దాదాపు నిండుతుంది. ఇందులో గోదావరి జిల్లాల ఇంట్లో దొరకనిది ఏముంది?

'అన్నం చెడ్డది' అని ఈ మధ్య ప్రతివారూ చెబుతున్నారు. మన మార్టేరు పరిశోధన కేంద్రం 1982లో విడుదల చేసిన స్వర్ణ బియ్యాన్నే తీసుకో. 2011లో అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 235 రకాల బియ్యం ఫలితాలు ప్రకటించింది. తిన్నది రక్తంలో చక్కెరను ఎంత వేగంగా పెంచుతుందో చెప్పే అంకెను గ్లైసీమిక్ సూచిక అంటారు. అది 48 నుంచి 92 వరకు ఉంటే, స్వర్ణ తక్కువ వైపు నిలిచింది. అంటే చక్కెరను రక్తంలోకి నెమ్మదిగా వదిలే రకం. ఆటకు మూడు గంటల ముందు తినడానికి అది మంచిదే. అయిపోయాక త్వరగా నింపుకోవాలంటే తెల్లటి సన్నబియ్యం అన్నమైనా ఫరవాలేదు.

ఇక వేళలు. తెల్లవారుజామున చెరువుకు బయలుదేరేటప్పుడే ఒకటి రెండు చక్కెరకేళీలు తిను. రావులపాలెం మార్కెట్ నుంచి దేశమంతటికీ అరటి గెలలు వెళ్తుంటే, మన పిల్లలు ఖాళీ కడుపుతో పరిగెత్తడం ఏమిటి? సాధన నుంచి వచ్చాక చద్దన్నం, పెరుగు, ఉల్లిపాయ, పక్కన గుడ్లు. పోటీ రోజున ఆటకు మూడు గంటల ముందు అన్నం, పప్పుచారు, పెరుగు తిను. వేపుళ్లు, బిర్యానీ ఆ పూటకు వద్దు. కొవ్వు ఎక్కువైతే కడుపులోంచి త్వరగా దిగదు, కూతకు వెళ్లినప్పుడు పొట్ట బరువుగా ఉంటుంది. గంట ముందు ఇంకో అరటిపండు.

సంక్రాంతి పోటీల్లో మనవాళ్లు ఓడిపోయేది మొదటి ఆటలో కాదు. ఫ్లడ్‌లైట్ల కింద రాత్రి పొద్దుపోయేదాకా ఒకదాని వెంట ఒకటి ఆడతారు. మధ్య విరామంలో మిరపకాయ బజ్జీలు, చల్లటి సోడా. మూడో ఆటకు వచ్చేసరికి నేను పాయింట్లు చూడడం మానేసి పాదాలు చూస్తాను. మొదట్లో చాప మీద ఆనకుండా తేలిన బొటనవేలు అప్పటికి గీత దాకా ఈడ్చుకుంటూ వెళ్తుంది. గాదె ఖాళీ అయినట్టు అదే చెబుతుంది. ఆట అయిన వెంటనే, గంటకు కిలో బరువుకు ఒక గ్రాము చొప్పున పిండిపదార్థం పడాలి. నీకైతే 70 గ్రాములు. రెండు అరటిపండ్లు, చిన్న గిన్నెడు పెరుగన్నం. డబ్బాలో కట్టించుకుని వెళ్లు, జట్టు మొత్తానికీ కట్టించు.

మా అబ్బాయికి 17 ఏళ్లు. వెయిట్‌లిఫ్టింగ్ నేర్చుకుంటున్నాడు. జిమ్‌లో ప్రోటీన్ పొడి డబ్బా కొనమంటున్నారు. ధర చూస్తే గుండె గుభేలుమంది. కొనకపోతే వెనకబడిపోతాడా?
– తణుకు నుంచి ఒక తండ్రి

వెనకబడడండీ. వే ప్రోటీన్ అంటే పాలు విరిచినప్పుడు మిగిలే తేటలోంచి తీసిన మాంసకృత్తులే. ఒక చెంచా కొలతలో సుమారు 24 గ్రాములు ఉంటాయి, అంటే నాలుగు గుడ్లతో సమానం. భోజనం సరిగా కుదరని వాడికి అది ఒక సౌకర్యం, అంతే. మీ ఇంట్లో పాలు, గుడ్లు, చేపలు ఉన్నాయి కదా.

నా భయం వేరే. ఇలాంటి డబ్బాల్లో కొన్నింటిలో పైన రాయని పదార్థాలు, నిషిద్ధ ఉత్ప్రేరకాలు కూడా కలిసి బయటపడిన సందర్భాలు ప్రపంచమంతటా ఉన్నాయి. రేపు మీ అబ్బాయి జాతీయ స్థాయికి వెళ్లి డోపింగ్ పరీక్షలో దొరికితే, 'డబ్బా మీద రాయలేదు' అన్న జవాబు అతణ్ణి కాపాడదు. ఒంట్లోకి ఏది వెళ్లినా బాధ్యత ఆటగాడిదే అన్నది నియమం. ఆ డబ్బుతో ఏడాది పొడవునా రోజూ అదనంగా రెండు గుడ్లూ, ఒక గ్లాసు పాలూ ఇవ్వండి.

అమ్మా, మా పాపకు 15 ఏళ్లు. జిల్లా పరిషత్ హైస్కూల్లో 800, 1500 మీటర్లు పరిగెడుతుంది. ఆర్నెల్లుగా సమయం మెరుగుపడకపోగా పెరుగుతోంది. మెట్లెక్కితే ఆయాసం. సన్నగా ఉంటేనే బాగా పరిగెత్తగలనని పొద్దున టిఫిన్ మానేసింది. నాలుగు నెలలుగా నెలసరి కూడా రాలేదు. పరుగు మాన్పించమని మా అత్తగారు అంటున్నారు.
– నరసాపురం దగ్గరి ఊరి నుంచి ఒక తల్లి

అమ్మా, ఈ ఉత్తరం చదవగానే నాకు నిద్ర పట్టలేదు. పరుగు మాన్పించవద్దు, కానీ ఈ వారంలోనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. రక్తంలో హిమోగ్లోబిన్‌తోపాటు ఫెరిటిన్ కూడా పరీక్షించమని అడగండి. హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 12 గ్రాముల కంటే తక్కువ ఉంటే రక్తహీనత. అంతకంటే ముందే ఇనుము నిల్వలు అడుగంటాయేమో ఫెరిటిన్ చెబుతుంది. ఊపిరితిత్తుల్లోకి ఎంత గాలి పీల్చినా, అందులోని ఆక్సిజన్‌ను కాళ్ల దాకా మోసుకెళ్లే హిమోగ్లోబిన్ లేకపోతే 1500 మీటర్ల చివరి చుట్టులో పిల్ల ఏం చేయగలదు? మన రాష్ట్రంలో సగానికి పైగా స్త్రీలకు రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు ఏళ్లుగా చెబుతూనే ఉన్నాయి.

నెలసరి ఆగడాన్ని 'ఆటలాడే పిల్లలకు మామూలే' అని ఎవరైనా అంటే నమ్మవద్దు. ఖర్చుకు తగినంత తిండి లేనప్పుడు శరీరం ముందుగా ఆపేసే పనుల్లో ఇది ఒకటి. దానితోపాటు ఎముకలు బలహీనపడతాయి, చిన్న పగుళ్లు వస్తాయి. ఆడపిల్లలకే కాదు, మగపిల్లలకూ ఈ శక్తి లోటు వస్తుంది. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు 2014లో దీనికి ప్రత్యేకంగా ఒక పేరు పెట్టి హెచ్చరించారు. తిండి పెరిగితే చాలామందిలో నెలసరి తిరిగి వస్తుంది, అయితే కొన్ని నెలలు పట్టవచ్చు. వేరే కారణం ఉందో లేదో డాక్టరే చూడాలి.

ఇప్పుడు మీరేమీ అనుకోకపోతే ఒక మాట అడుగుతాను. మీ ఇంట్లో చేపల పులుసు వండిన రోజున పాప ఎప్పుడు తింటుంది? నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో పరుగు పిల్లల ఇళ్లకు వెళ్లేదాన్ని. నడిముక్కలు తండ్రికి, అన్నకు. అమ్మా కూతురూ చివర్న కూర్చుని పులుసులో అన్నం కలుపుకునేవారు. ఎవరూ కావాలని చేసింది కాదు, అలవాటు. కానీ భారత వైద్య పరిశోధన మండలి 2020 లెక్క ప్రకారం పెద్దవాడైన మగవాడికి రోజుకు 19 మిల్లీగ్రాముల ఇనుము చాలు, స్త్రీకి 29 కావాలి. ఎక్కువ కావలసిన మనిషికే ఇంట్లో తక్కువ అందుతోంది. పాపకు ముందు వడ్డించండి, మీరూ ఆమె పక్కనే కూర్చుని తినండి.

వారానికి ఒకసారి మేక కాలేయం వేయించి పెట్టండి. మిగతా రోజుల్లో తోటకూర పప్పు, పెసలు, రాగిజావ. ఆకుకూరల్లోని ఇనుము కొద్దిగానే ఒంటపడుతుంది కనుక పైన నిమ్మకాయ పిండండి, లేదా జామపండు ముక్కలు ఇవ్వండి. సి విటమిన్ తోడైతే ఎక్కువ ఇనుము లోపలికి వెళ్తుంది. భోజనానికి ముందూ వెనుకా గంట పాటు టీ వద్దు. ఎముకలకు నెత్తళ్లు చాలా మంచివి. ముల్లుతో సహా నమిలి తింటాం కనుక కాల్షియం అందుతుంది. మీ తీరంలో వాటికేమీ కొరత లేదు. ఇనుము మాత్రలు మాత్రం డాక్టరు చెబితేనే.

టిఫిన్ మానవద్దని పాపకు మీరు చెబితే వినకపోవచ్చు. ఆమెకు ఈ పేజీ చూపించి, నా మాటగా చెప్పండి: తల్లీ, నువ్వు బరువు తగ్గడం వల్ల వేగం పెరగలేదు, నీ గడియారమే ఆ సంగతి చెబుతోంది. నాలుగు ఇడ్లీలు తిని స్కూలుకు వెళ్లు. సాయంత్రం పరుగయ్యాక పాలు తాగు.

మీ అత్తగారికి నా నమస్కారాలు. ఆవిడ భయం మనవరాలి మీద ప్రేమతోనే. ఆ నడిముక్క ఆవిడ చేత్తోనే వడ్డించమని అడగండి.

టీచర్ గారూ, నాకు 14 ఏళ్లు. సాత్విక్‌సాయిరాజ్ రంకిరెడ్డి అన్నలా బ్యాడ్మింటన్ ఆడాలని నా కోరిక. అమ్మమ్మ కొబ్బరి నీళ్లే తాగమంటుంది, కోచ్ గారు స్పోర్ట్స్ డ్రింక్ అంటారు. ఏది మంచిది?
– అంబాజీపేట నుంచి ఒక విద్యార్థి

కొబ్బరి నీళ్లలో పొటాషియం బాగా ఉంటుంది, సోడియం తక్కువ. చెమటలో పోయేది ముఖ్యంగా సోడియం, అంటే ఉప్పు. మన కోనసీమలో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట ఆరదు, కారిపోతూనే ఉంటుంది, ఒళ్లు చల్లబడదు. అయినా గంటలోపు ఆటకు మంచినీళ్లు చాలు. అంతకు మించి ఆడితే లీటరు నీటిలో 60 గ్రాముల పంచదార, పావు టీస్పూను ఉప్పు, ఒక నిమ్మకాయ రసం కలుపుకుని పదిహేను ఇరవై నిమిషాలకు ఒకసారి కొన్ని గుక్కలు తాగు. కొనే సీసాల్లో ఉండేదీ దాదాపు ఇదే.

ఆటకు ముందూ తర్వాతా చెమట తుడుచుకుని బరువు చూసుకో. అరకిలో తగ్గితే తర్వాత రెండు మూడు గంటల్లో ముప్పావు లీటరు దాకా తాగాలి. బరువు పెరిగిందంటే అవసరానికి మించి నీళ్లు తాగావన్నమాట, అదీ మంచిది కాదు. అమ్మమ్మకు చెప్పు, కొబ్బరి బోండాం ఆట అయ్యాక ఇంటికొచ్చి తాగుతానని, మైదానానికి మాత్రం ఉప్పు వేసిన నిమ్మరసం సీసాలో పోసి ఇవ్వమని.