సలహా వినలేదని ఉద్యోగం మానేస్తానంటున్నాడు

ప్రశ్న: మా అబ్బాయి బీకాం కంప్యూటర్స్ చదివి, మూడేళ్లుగా మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు ఆఫీసులో లెక్కలు, కంప్యూటర్లు చూస్తున్నాడు. పాత విండోస్ మార్చమని ఏడాదిగా చెబుతున్నా యజమాని పట్టించుకోవడం లేదని మానేస్తానంటున్నాడు. అమీర్‌పేటలో సైబర్ సెక్యూరిటీ నేర్పించాలా, డేటా సైన్సా?
– ఒక తండ్రి

జవాబు: ముందు మీతో ఒక మాట. ఇక్కడ కుదించి వేసిన మీ ఉత్తరంలో పక్కింటి అబ్బాయి జీతం మూడుసార్లు వచ్చింది. మీ అబ్బాయి యజమానికి ఏం చెప్పాడన్నది మాత్రం ఒక్క వాక్యంలో ముగిసింది. మిల్లులో వినలేదు సరే, ఇంట్లో మీరైనా విన్నారా?

ఆ ఒక్క వాక్యంలోనే అసలు సంగతి ఉంది. లెక్కలన్నీ ఒకే కంప్యూటర్లో ఉన్నాయి. వాటి నకలు పెన్ డ్రైవ్‌లో ఉంది. ఆ పెన్ డ్రైవ్ అదే టేబుల్ సొరుగులో ఉంది. మీ వాడి భయం అక్షరాలా నిజం. మిల్లులో ఉన్న విండోస్ 10కి మామూలుగా వచ్చే ఉచిత భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. 2017 మేలో వాన్నాక్రై వైరస్ దేశదేశాల్లో కంప్యూటర్లకు తాళం వేసి డబ్బు అడిగింది. దాన్ని ఆపే అప్‌డేట్ మార్చిలోనే వచ్చినా వేసుకోనివారు చిక్కుకుపోయారు.

"నడుస్తున్న బండిని ఎందుకు విప్పాలి" అన్నారట యజమాని. ఆయన చెడ్డవారు కారు, ఆయనకు కనిపించింది ఖర్చు ఒక్కటే. విండోస్ 11 కావాలంటే ఇంటెల్‌లో దాదాపు ఎనిమిదో తరం ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి. అంటే పాత కంప్యూటర్లు మార్చాల్సిందే. ఎన్ని మార్చాలో, ఎంతవుతుందో, కోతల సీజన్ తప్పించి ఏ వారం చేయవచ్చో మీ వాడు కాగితం మీద పెట్టాడా? "అప్‌డేట్ చేద్దాం సార్" అంటే ఎవరూ కదలరు. "ఈ కంప్యూటర్ ఆగిపోతే బిల్లు రాదు, లారీ గేటు దాటదు" అంటే కదులుతారు. వెళ్లేముందు ఒకే ఒక్క పేజీ రాసి ఇవ్వమనండి. పెన్ డ్రైవ్‌లోది కాక, మరో నకలు వేరే చోట ఉంచమనండి. పాస్‌వర్డ్‌లన్నీ రాసి అప్పగించి సంతకం తీసుకోమనండి. అప్పటికీ వినకపోతే అది యజమాని నిర్ణయం, మీ వాడి ఓటమి కాదు. ఆ పేజీ రేపు ఇంటర్వ్యూలో చూపించుకోవచ్చు.

ఇక కోర్సులు. నాలుగు నెలల్లో సైబర్ సెక్యూరిటీ నిపుణులను చేస్తామనే బోర్డులను నేను నమ్మను. కాపలా కాయాలంటే ముందు ఆ ఇల్లు ఎలా కట్టారో తెలియాలి. నెట్‌వర్క్, విండోస్ లాంటిదే అయిన లైనక్స్ రాకుండా సాధనాల పేర్లు బట్టీపట్టి వచ్చిన పిల్లలు నా ఎదుట కూర్చుని ఏడ్చారు, వాళ్ల తండ్రులు అప్పుల లెక్క చెప్పారు. మీ వాడు ఉద్యోగంలో ఉంటూనే ఆరు నెలలు సాయంత్రాలు నెట్‌వర్కింగ్, లైనక్స్ నేర్చుకోవాలి. ఆ తరువాత కూడా ఇష్టం నిలిస్తే సెక్యూరిటీ వైపు వెళ్లవచ్చు. డేటా సైన్స్ గురించి మీ వాడు అడగనే లేదు, అడిగింది మీరు. దాన్ని వదిలేయండి.

భయపడకండి. ఎవరూ అడగకుండానే రాబోయే ప్రమాదం చూసి, ఏడాదిపాటు చెబుతూ వచ్చిన కుర్రాడు ఏ ఆఫీసుకైనా కావాలి. ఈ ఆదివారం వాడిని కూర్చోబెట్టి మొదటి నుంచి చెప్పమనండి. మధ్యలో పక్కింటి అబ్బాయి జీతం ఎత్తకండి.