సైకాలజీ చదివితే ఉద్యోగాలు ఉంటాయా? గుంటూరు నుంచి అడిగిన అమ్మగారికి

మీ అమ్మాయి బైపీసీ పూర్తిచేసిందని, నీట్ మళ్లీ రాయకుండా సైకాలజీ డిగ్రీలో చేరతానంటోందని, బంధువులేమో ఆ చదువుకు ఉద్యోగాలెక్కడివి అంటున్నారని రాశారు. నేను సైకాలజీలో ఎం.ఏ. చేసి, విజయవాడలో ఒక రెసిడెన్షియల్ జూనియర్ కళాశాలలో కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. నిశ్చింతగా చేర్పించండి. అయితే ఇది డిగ్రీతో ఆగే చదువు కాదు. పీజీ దాకా చదివించాలని ఇంట్లో ఇప్పుడే అనుకోండి. డిగ్రీతో ఆపేస్తే మాత్రం బంధువుల మాటే నిజమవుతుంది.

చాలామందికి సైకియాట్రిస్టుకూ సైకాలజిస్టుకూ తేడా తెలియదు. సైకియాట్రిస్టు ఎం.బి.బి.ఎస్. తర్వాత ఆ విభాగంలో పీజీ చేసిన డాక్టరు, మందులు రాస్తారు. మానసిక పరీక్షలు చేసి, మాటల ద్వారా చికిత్స చేసేవారు క్లినికల్ సైకాలజిస్టులు. ఆ హోదాకు భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ, రిజిస్ట్రేషన్ ఉండాలి. ఇంతకాలం అందుకు ప్రధాన మార్గం ఎం.ఏ. తర్వాత చేసే రెండేళ్ల ఎం.ఫిల్. ఇప్పుడు ఆ కోర్సుల స్వరూపం మారుతోంది కాబట్టి, చేరే ఏడాది ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో గుర్తింపు ఉన్న కోర్సుల జాబితా చూడండి. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ వంటి చోట్ల సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ. ఆరు నెలల డిప్లొమాతో సైకాలజిస్టు అయిపోవచ్చనే ప్రకటనలు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వాటి జోలికి పోవద్దు.

చదువు ఎలా ఉంటుందో కూడా చెప్పాలి. మెదడు, నాడీవ్యవస్థ పాఠాలు బైపీసీ పిల్లలకు తేలికే. తడబడేది గణాంక శాస్త్రం దగ్గర. ప్రయోగశాలలో అద్దంలో మాత్రమే చూస్తూ నక్షత్రం గీతల మధ్య పెన్సిలు నడిపే ప్రయోగం ఒకటి ఉంటుంది. మొదట్లో చెయ్యి మాట వినదు. కుడిచేత్తో సాధన చేశాక ఎడమచేత్తో గీయించి, ఒక చెయ్యి నేర్చుకున్నది రెండో చేతికి ఎంత అందిందో తప్పులు, సెకన్లు లెక్కగట్టి రాయాలి. ఇలాంటి పని మీ అమ్మాయికి ఆసక్తిగా అనిపిస్తే సరైన చదువే ఎంచుకుంది. అందరితో బాగా మాట్లాడుతుంది కదా అని చేర్పించడం సరికాదు.

ఇక ఉద్యోగాలు. మా కళాశాలలో ఆదివారం పరీక్ష, సోమవారం ర్యాంకులు. ఆ సోమవారమే కడుపునొప్పి, తలనొప్పి అంటూ పిల్లలు వరుసగా వస్తారు. డాక్టరు చూసి ఏమీ లేదంటే వార్డెన్ నా గదికి పంపుతారు. మొన్న ఒక అబ్బాయి కూర్చున్నంతసేపూ పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉన్నాడు. చివరికి నోరు విప్పి, నాన్న అప్పు చేసి ఫీజు కట్టారన్నాడు. ఇలాంటి పిల్లలు మన జిల్లాల్లో ఎంతమంది ఉన్నారో మీకూ తెలుసు, వారి మాట వినే మనుషులే చాలడం లేదు. విశాఖలో చనిపోయిన ఒక నీట్ విద్యార్థిని కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు, వంద మంది, అంతకుమించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా అర్హత ఉన్న కౌన్సెలర్‌నో సైకాలజిస్టునో సామాజిక కార్యకర్తనో నియమించుకోవాలని ఆదేశించింది. అందరూ అమలు చేయడానికి సమయం పట్టవచ్చు, కానీ అవసరం మాత్రం ఇప్పుడే ఉంది.

బడులు, కళాశాలలే కాదు. ప్రభుత్వాసుపత్రుల్లోని హెచ్‌ఐవీ పరీక్షా కేంద్రాలు, మహిళల కోసం నడిచే సఖి కేంద్రాలు, వ్యసన విముక్తి కేంద్రాల్లో కౌన్సెలర్లు ఉంటారు, వీటిలో చాలావరకు కాంట్రాక్టు ఉద్యోగాలే. ప్రత్యేక అవసరాల పిల్లలకు బోధించాలంటే స్పెషల్ ఎడ్యుకేషన్‌లో బీఈడీ చేయాలి. కంపెనీల్లో హెచ్‌ఆర్ వైపు వెళ్లేవారూ ఉన్నారు. మొదట్లో జీతాలు తక్కువే, ఆ మాట దాచను.

పీజీకి విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది. ఉద్యోగం చేస్తూ ఇగ్నో దూరవిద్యలో చదివే వీలు ఇదివరకు ఉండేది, కానీ దూరవిద్యలో సైకాలజీ కోర్సుల్లో కొత్త ప్రవేశాలను 2025లో యూజీసీ ఆపేసింది. కాబట్టి రెగ్యులర్ ఎం.ఏ. చేయమనే నా సలహా.

ఫీజు కట్టే ముందు అమ్మాయిని వెంటబెట్టుకుని కళాశాలకు వెళ్లి, సైకాలజీ ప్రయోగశాల చూపించమనండి. గణాంక శాస్త్రం ఎవరు చెబుతారో, రెండో ఏడాది పిల్లలు చేసిన ప్రయోగాల రికార్డు పుస్తకం ఒకటి చూడవచ్చా అని అడగండి. చూపించడానికి వెనకాడితే ఇంకో కళాశాల చూసుకోండి.