సీడ్ గ్రాంట్ ఎంత అన్నది కాదు, ఏ నెలలో అందుతుంది అన్నది అడగండి

"ఇమ్యునాలజీలో (రోగనిరోధక శాస్త్రంలో) కొత్తగా ల్యాబ్ పెట్టుకునేవారికి సంస్థలు ఇచ్చే 8, 10 లక్షల సీడ్ గ్రాంటుతో నిజంగా ఏమైనా చేయగలమా?" అని ఒకరు అడిగారు.

చేయగలం. అంతకన్నా తక్కువతోనూ చేయగలం. అందరూ డబ్బు ఎంత అనే అడుగుతారు, ఎప్పుడు వస్తుందని అడగరు. అంటువ్యాధుల మీద పనిచేసేవారికి అసలు సంగతి అదే.

నేను బెంగళూరులో డెంగీ రోగుల రక్తంలోని రోగనిరోధక కణాల మీద పనిచేస్తాను. మాది అనంతపురం జిల్లా, నాన్న వేరుశనగ రైతు. ఉద్యోగంలో చేరిన ఏడాది ఏప్రిల్‌లో 8 లక్షల సీడ్ గ్రాంట్ మంజూరైందని ఉత్తరం వచ్చింది. నాన్నకు ఫోన్ చేసి చెబితే, "వానలకు ముందే చేతికి వస్తుందా అమ్మా?" అన్నారు. డెంగీ వానాకాలపు జబ్బని నేనే ఎప్పుడో చెప్పాను, ఆయన గుర్తుపెట్టుకున్నారు. విత్తనాల అప్పు కోసం తిరిగిన మనిషికి ఆ ప్రశ్న వెంటనే తోచింది. మంజూరు చేసినవారికి తోచలేదు. డబ్బు ఖాతాలో పడింది నవంబరులో.

జులై చివర ఒక సాయంత్రం, మాతో కలిసి పనిచేసే డాక్టరుగారు ఆసుపత్రి నుంచి ఫోన్ చేశారు. వార్డు నిండిపోయింది, తొమ్మిది మంది పరిశోధనకు రక్తం ఇవ్వడానికి సంతకం చేశారు, ఎవరినైనా పంపండి అన్నారు. ఎథిక్స్ కమిటీ అనుమతి అప్పటికే ఉంది. లేనిది సామాను. రక్తం పట్టే ట్యూబులు లేవు, కణాలను వేరుచేసే ఫైకాల్ ద్రవం లేదు. పక్క ల్యాబ్‌లో రెండూ అప్పు తెచ్చుకున్నాం. నా విద్యార్థి, కడప అబ్బాయి, థర్మాకోల్ పెట్టె పట్టుకుని, ఆసుపత్రి ఉన్న జయనగర్ వైపు నుంచి ఆటో ఎక్కాడు. మా ల్యాబ్ ఎలహంక దాటాక. ఒకటే వాన. హెబ్బాళ ఫ్లైఓవర్ దగ్గర గంటకు పైగా ఆగిపోయారు. ఆటో నడిపే ఆయనది చిత్తూరు. పెట్టెలో రక్తం ఉందని తెలిసి, "ఐసు పెట్టలేదు కదా బాబూ, పాడైపోదా?" అని కంగారు పడ్డారట. ఈ పనికి ఐసు పెట్టకూడదు. చల్లబడితే కణాలు సరిగ్గా విడిపోవు. గది ఉష్ణోగ్రతలోనే ఉంచి, కొన్ని గంటల్లో పని ముగించాలి. ఆఖరి ట్యూబును ఫ్రీజర్‌లో పెట్టేసరికి రాత్రి రెండయింది.

అంత పరుగెందుకంటే, డెంగీలో యాంటీబాడీలను తయారుచేసే ప్లాస్మాబ్లాస్ట్ కణాలు జ్వరం వచ్చిన వారం ప్రాంతంలో రక్తంలో విపరీతంగా పెరిగి, ఆ వెంటనే తగ్గిపోతాయి. రోగి కోలుకుని ఇంటికి వెళ్ళాక అవి దొరకవు. పైగా ఈ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి. ఒక రకం సోకి తగ్గినవారికి తర్వాత మరో రకం సోకితే జబ్బు ముదిరే ప్రమాదం ఎక్కువ. ఈ ఏడు ఏ రకం తిరుగుతోంది, ఎవరికి రెండోసారి వచ్చింది అన్నది ఈ ఏటి రక్తంలోనే తెలుస్తుంది. డాక్టరుగారు ఆగస్టులో, సెప్టెంబరులో మళ్ళీ మళ్ళీ పిలిచారు. పక్కవారిని ఎన్నిసార్లు అప్పు అడుగుతాం? తొమ్మిది మందితోనే ఆ సీజన్ ముగిసింది.

నవంబరులో వచ్చిన డబ్బును మార్చి 31లోగా ఖర్చుపెట్టి వినియోగ ధ్రువపత్రం ఇవ్వాలన్నారు. వార్డులో డెంగీ రోగులు లేని రోజుల్లో, కణాలను గుర్తుపట్టడానికి వాడే, రంగు అంటించిన యాంటీబాడీలు కొన్నాను. వాటిలో కొన్ని రంగులు నెలలు గడిచేకొద్దీ బలం తగ్గిపోతాయి. ఆ సంగతి తెలిసే కొన్నాను, కొనకపోతే డబ్బు వెనక్కి వెళ్ళిపోతుంది కాబట్టి. ఇప్పటికీ ఆ బాధ పోలేదు.

ఇంకొకటి కూడా చెప్పాలి. ప్రభుత్వ పరిశోధన సంస్థలు కొనే సామానుపై జీఎస్టీ 5 శాతమే ఉండే రాయితీని 2022 జులైలో ఎత్తేసి మామూలు రేటు వేశారు. అప్పట్లో ఎక్కువ వస్తువులకు అది 18 శాతం. పెద్ద ల్యాబులు తట్టుకున్నాయి. 8 లక్షలవారికి ఆ తేడా ఒక నెల ట్యూబుల ఖర్చు. 2025లో కొటేషన్లు లేకుండా కొనే పరిమితిని శాస్త్ర సంస్థలకు లక్ష నుంచి 2 లక్షలకు పెంచడం మాత్రం మంచి పని. ఎన్నో వారాలు మిగులుతాయి.

చెన్నైలో 1986లో డాక్టర్ సునీతి సోలమన్, ఆమె విద్యార్థిని నిర్మల సేకరించిన రక్త నమూనాలను వెల్లూరు తీసుకెళ్ళి పరీక్షిస్తే దేశంలో తొలి హెచ్‌ఐవి కేసులు బయటపడ్డాయి. అక్కడా ముందు కావలసింది నమూనాలే. కొత్త ల్యాబుకు వాటిని పట్టుకునే శక్తిని ఇవ్వడమే సీడ్ గ్రాంట్ పని అని నేను గట్టిగా నమ్ముతాను. కొత్త శాస్త్రవేత్తలకు కేంద్రం రెండేళ్లకు 30 లక్షలిచ్చిన స్టార్టప్ రీసెర్చ్ గ్రాంట్ లాంటి వాటికి దరఖాస్తు చేస్తే, తొలి ఫలితాలేవి అని నిపుణులు అడుగుతారు. నేను చూపించినవి ఆ తొమ్మిది మందివే. అవి అప్పు తెచ్చిన ఫైకాల్‌తో వచ్చినవి.

మీకు మంజూరు ఉత్తరం వస్తే, ఆ రోజే అకౌంట్స్ విభాగానికి వెళ్ళి మొదటి విడత ఏ నెలలో పడుతుందో, మిగిలిన డబ్బు మార్చి తర్వాత వాడుకోవచ్చో లేదో రాతపూర్వకంగా అడగండి. మీ జబ్బు వానల్లో వచ్చేదైతే ఎథిక్స్ కమిటీ అనుమతి ఫిబ్రవరికల్లా తెచ్చుకోండి. నేను ఇప్పుడు మే నెలాఖరుకల్లా ట్యూబులు, ఫైకాల్ కొని అరలో పెట్టుకుంటున్నాను, అవసరమైతే నా జీతంతో.