చెట్టు మొదట్లో సిమెంటు పోస్తే ఏమవుతుంది?

ప్రశ్న: మా వీధిలో కొత్తగా రోడ్డేసి, పక్కనే డ్రైను కట్టి, నిద్రగన్నేరు చెట్ల కాండం దాకా సిమెంటు పోసేశారు. మొక్కలు నాటండి అని బోర్డులు పెడతారు, ఉన్న చెట్లకేమో ఇలా చేస్తారు. ఇవి బతుకుతాయా? ఎవరిని అడగాలి?
– ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: ఇలాగే వదిలేస్తే కష్టమేనండీ. పైగా వెంటనే ఏమీ కనపడదు, ఒకటి రెండేళ్లు చెట్టు బాగానే ఉన్నట్టు ఉంటుంది, ఆ తర్వాత పైకొమ్మలు ఎండడం మొదలవుతుంది. అప్పటికి సిమెంటు సంగతి ఎవరికీ గుర్తుండదు, "ముసలిదైపోయింది, ఎప్పుడు మీద పడుతుందో" అని కొట్టేస్తారు.

వేళ్లు ఎక్కడో లోతున ఉంటాయని చాలామంది అనుకుంటారు. నీళ్లూ పోషకాలూ పీల్చే సన్నవేళ్లు చాలావరకు పైనున్న రెండు మూడు అడుగుల మట్టిలోనే, కొమ్మల నీడ దాటి కూడా పరుచుకుని ఉంటాయి. వాటికి గాలి కావాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి నీళ్లు నిలిచాయి కదా, అలా నీళ్లు నిలిచిన చోట మొక్క చచ్చిపోయేది ముఖ్యంగా వేళ్లకు గాలి అందకే. సిమెంటు కిందా గాలి ఆడదు, పైగా వానపడినా చుక్క లోపలికి దిగదు. డ్రైను కోసం తవ్వినప్పుడు ఆ పక్క లావు వేళ్లు తెగి ఉంటే ఇంకో ప్రమాదం, గాలివానకి చెట్టు రెండోవైపుకి ఒరిగిపోతుంది. తుఫానుకి పడిపోయిన వీధి చెట్లని దగ్గరికి వెళ్లి చూడండి, కొన్నింటికి వేళ్లు ఒకవైపే మిగిలి ఉంటాయి.

చెట్టు చుట్టూ ఆరడుగులకి ఆరడుగుల మేర మట్టి వదలాలని కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ 2000లోనే మార్గదర్శకాలిచ్చింది. 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీలో చెట్ల చుట్టూ మీటరు దూరం వరకు కాంక్రీటు తీసేయమంది. అది ఢిల్లీకి ఇచ్చిన ఆదేశమే, అయినా అర్జీలో రాయండి, మీ మాటకి బలం వస్తుంది.

ముందు ఫొటోలు తీసి, ఏ చెట్టు ఏ ఇంటి ఎదురుగా ఉందో రాసి, వార్డు సచివాలయంలో ఇవ్వండి. అక్కడ పర్యావరణం చూసే కార్యదర్శి వేరు, రోడ్లూ డ్రైన్లూ చూసే కార్యదర్శి వేరు, ఇద్దరికీ ఇవ్వాలి, లేకపోతే ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు. పని కాకపోతే సోమవారం కార్పొరేషన్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికకి వెళ్లి, రసీదు అడిగి తీసుకోండి. వీధివాళ్లంతా కలిసి సంతకాలు పెడితే ఇంకా మంచిది.

సిమెంటు తీసేటప్పుడు కాండం దగ్గర మిషన్ పెట్టనివ్వకండి, గునపంతో చేత్తోనే తీయించండి. తీసిన చోట కాండానికి మట్టి ఎగదోయకూడదు, ఎండుటాకులు పరిచి ఎండాకాలంలో వారానికోసారి నిండుగా నీళ్లు పడితే చాలు. నాకైతే పోసినవాళ్లకంటే ఎస్టిమేటు మీదే కోపం, అందులో చెట్టుకి చోటు వదలాలని ఒక్క లైను ఉంటే మేస్త్రీ వదిలేవాడే. మీ పక్కవీధిలో పని ఇంకా మొదలుకాకపోతే ఇప్పుడే వెళ్లి అడగండి, పోశాక పగలగొట్టించడం చాలా కష్టం.

ప్రశ్న: కరెంటు తీగలకి తగులుతున్నాయని ఏటా మా వీధి చెట్ల తలలు నరికేస్తున్నారు. ఏడాది తిరిగేసరికి మళ్లీ తీగల్లోకే వస్తాయి. వేరే దారి లేదా?
– ఒక పాఠకుడు, లక్ష్మీపురం, గుంటూరు

జవాబు: తల నరకడం వల్లే అంత తొందరగా వస్తున్నాయి. కొమ్మని మధ్యలో మొండిగా నరికితే ఆ మొండి చుట్టూ బోలెడు చిగుళ్లు నిటారుగా, గబగబా పెరుగుతాయి. వాటి పట్టు పైపైనే కాబట్టి గాలికి ఊడి పడేవీ అవే. తీగకి అడ్డొచ్చే కొమ్మని అది పుట్టిన చోటు దాకా వెళ్లి కోయాలి, మొదట్లో ఉబ్బుగా ఉండే భాగాన్ని మాత్రం ముట్టుకోకూడదు. కోత మీద కొత్త బెరడు కమ్ముకునేది అక్కడినుంచే. లావు కొమ్మైతే ముందు కిందనుంచి కాస్త గాటు పెట్టి, తర్వాత కొంచెం అవతల పైనుంచి కోసి బరువు దించి, ఆఖర్న మిగిలిన మొండిని తీయాలి, అప్పుడు బెరడు చీలదు. కత్తి వద్దు, రంపమే వాడాలి. పైన తారు, రంగు పూయక్కర్లేదు.

కోసేవాళ్లకి ఇది ఎవరైనా నేర్పాలి కదా. రోజుకి ఇన్ని వీధులు అయిపోవాలని పంపిస్తే వాళ్లు మాత్రం ఏం చేస్తారు! తొడుగున్న కేబుళ్లు వేస్తే ఇంత నరకాల్సిన పనే ఉండదు, అర్జీలో అదీ అడగండి. మీ చేతిలో ఉన్నది, తీగల కింద కొత్తగా నాటేటప్పుడు తురాయి, నిద్రగన్నేరు లాంటివి పెట్టకపోవడం.

ప్రశ్న: మా వీధి వేపచెట్టు చివళ్లనుంచి మాడిపోయినట్టు ఎండిపోతోంది. కొట్టేయమంటున్నారు. కొట్టేయాలా?
– బ్రాడీపేట, గుంటూరు

జవాబు: వద్దు. వానాకాలం చివర మొదలై చలికాలం దాకా కనపడే ఎండు తెగులిది, ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం వల్ల వస్తుంది, చిగుళ్ల రసం పీల్చే టీ దోమ దానికి తోడవుతుంది. 2021లో తెలుగు రాష్ట్రాల్లో ఎక్కడ చూసినా వేపలు ఇలాగే మాడిపోయి కనిపించాయి, వాటిలో చాలావరకు మళ్లీ చిగురించాయి. ఎండిన చివళ్లు అందినంతవరకు కత్తిరించి కాల్చేయండి, పాదులో నీళ్లు పట్టండి, ఉగాది దాకా ఆగండి. కొమ్మ మీద గోటితో గీస్తే లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. వేప 2018 నుంచి మన రాష్ట్ర వృక్షం కూడా. పైగా అనుమతి లేకుండా చెట్టు కొట్టడం 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల రక్షణ) చట్టం కింద నేరం, ఆ మాట తొందరపడేవాళ్లకి ఇప్పుడే చెప్పండి.